జిమ్మీ రేనీ: డప్పు కొట్టుకోని గిటారు

జాజ్ గిటారు గురించి కాస్తోకూస్తో తెలిసినవాళ్ళని కదిపితే ఓ అరడజను పేర్లు టకటకా చెప్పేస్తారు. జాంగో రైన్‌హార్ట్, చార్లీ క్రిస్టియన్, వెస్ మాంట్‌గొమరీ, జో పాస్, జార్జ్ బెన్సన్... ఇంకొంచెం ముదిరినవాళ్ళయితే టాల్ ఫార్లో, జిమ్ హాల్ అంటారు. జిమ్మీ రేనీ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. అమెరికాలో జాజ్‌కి పెద్దబాలశిక్ష లాంటి 'డౌన్‌బీట్' పత్రిక విమర్శకుల ఓటింగులో 1954లోనూ, 1955లోనూ గిటారుకి మొదటి స్థానం ఈయనదే. వరసగా రెండేళ్ళు నంబర్ వన్ అయిన మనిషి ఇలా ఎలా జారిపోయాడు?

నా మట్టుకు నాకు తోచిన కారణం చాలా సిల్లీది. మిగతావాళ్ళందరికీ ఒక్క ముక్కలో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంది. జాంగోకి అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి, మిగిలిన రెండు వేళ్ళతోనే సోలోలు వాయించాడు. వెస్ మాంట్‌గొమరీ పిక్ లేకుండా బొటనవేలితో వాయించాడు, పైగా ఆక్టేవులు. టాల్ ఫార్లో చేతులు ఎంత పెద్దవంటే ఆయన్ని ఆక్టోపస్ అనేవాళ్ళు. జో పాస్ ఒక్కడే కూర్చుని మొత్తం బ్యాండులా వినిపిస్తాడు, 1973లో రికార్డు చేసిన 'వర్చువోసో' విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మరి రేనీ? "ఆయన వాక్యాలు బావుంటాయండీ" అనాలి. దీనికి ఎవడు టికెట్ కొంటాడు చెప్పండి?

మన అప్రైజళ్ళలో కూడా ఇదే గొడవ కదా. ప్రొడక్షన్ కూలిపోయినప్పుడు రాత్రంతా మేలుకుని నిలబెట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. కూలిపోకుండా రాసినవాడి పేరు ఎవరికీ తెలీదు. సరే, ఆ పురాణం ఇప్పుడొద్దు.

అసలు విషయానికొస్తే, ముందు బీబాప్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే రేనీ చేసిందేమిటో అర్థం కాదు. తెలిసినవాళ్ళు ఓ రెండు పేరాలు దాటేసెయ్యండి.

1940లలో న్యూయార్కులో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, థెలోనియస్ మంక్, బడ్ పవెల్ లాంటివాళ్ళు మొదలెట్టిన సంగీతం ఇది. అంతకుముందు జాజ్ అంటే ప్రధానంగా డాన్సు చేసుకోవడానికి. వీళ్ళు వేగం పెంచారు, కార్డులు చిక్కబరిచారు, కూర్చుని వినాల్సిన సంగీతంగా మార్చేశారు. ఇంకో తెలివైన పని కూడా చేశారు. ఏదో పాత పాట తీసుకుంటారు, దాని కార్డుల వరసని అలాగే ఉంచి పైన ట్యూన్ మాత్రం కొత్తది రాస్తారు. కాపీరైటు ట్యూనుకే గానీ కార్డుల వరసకి ఉండదు, అంచేత ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే అదే ఇంటర్‌ఫేసు, కొత్త ఇంప్లిమెంటేషను :)

ఇలా బీబాప్ వాళ్ళు పీల్చి పిప్పి చేసిన పాటల్లో 'చెరొకీ' ఒకటి. 1945 నవంబర్‌లో పార్కర్ రికార్డు చేసిన 'కో-కో' ఈ కార్డుల మీద కట్టిందే. మామూలు పాట 32 బార్లు ఉంటే ఇది 64. అందులో మొదటి 32 బార్లు ఫర్వాలేదు, ఎలాగో నెట్టుకురావచ్చు. తర్వాత వచ్చే 16 బార్ల మధ్యభాగం ఉంది చూశారూ, దాన్ని బ్రిడ్జి అంటారు, అక్కడ చాలామంది పడవలు మునుగుతాయి. నాలుగేసి బార్లకి ఒకసారి శృతి మారిపోతుంది: బీ మేజర్, అక్కణ్ణుంచి ఏ, అక్కణ్ణుంచి జీ, ఆపైన ఎఫ్. నిమిషానికి 300 బీట్ల వేగమనుకోండి, ఒక్కో శృతిలో మీరుండేది మూడు సెకన్ల పైచిలుకు. ఆ వేగంలో సెకనుకి పది స్వరాలు పడుతుంటాయి.

మనకి తెలిసిన కచేరీ భాషలో ఊహించుకుందాం. స్వరకల్పనలో గాయకుడు ఎంత సాహసం చేసినా తంబురా శృతి మారదు, రాగం మారదు, తాళం మారదు. అదొక లోతైన బావి, తవ్వేకొద్దీ నీళ్ళు. బీబాప్‌లో అలా కాదు. మూడు సెకన్లకోసారి ఎవడో వచ్చి శృతిపెట్టె మార్చేస్తుంటే, తడబాటు కనపడకుండా స్వరాలు వేసుకుంటూ పోవాలి. రెండిటిలో ఏది గొప్ప అని నేను అనట్లేదు, దయచేసి ఆ యుద్ధం మొదలెట్టకండి. కష్టం ఎక్కడుందో చెప్తున్నానంతే.

ఇప్పుడు 1951 అక్టోబర్ 28కి రండి. బోస్టన్‌లో స్టోరీవిల్ అనే క్లబ్బు. సాక్సాఫోన్ మీద స్టాన్ గెట్జ్, పియానో అల్ హెయిగ్, బేస్ టెడ్డీ కోటిక్, డ్రమ్స్ టైనీ కాన్, గిటారు జిమ్మీ రేనీ. గెట్జ్‌కీ రేనీకీ ఇద్దరికీ 24 ఏళ్ళు. (24 ఏళ్ళకి మనం ట్రైనింగు బ్యాచిలో కూర్చుని కాంటీన్లో ఏముందా అని ఆలోచిస్తున్నాం.) ఆ రాత్రి వాయించినవాటిలో రేనీ రాసిన 'పార్కర్ 51' ఒకటి. పేరులోనే పార్కర్ ఉన్నాడు, కార్డులేమో అదే చెరొకీ.

ఆ సోలోలో బ్రిడ్జి దగ్గర రేనీ ఏం చేస్తాడో గమనించండి. మామూలుగా గిటారు వాయించేవాళ్ళు ఇక్కడ చేసేది ఏమిటంటే, మొదటి నాలుగు బార్లకి ఓ ముక్క వాయించి, దాన్నే చేతి స్థానం రెండు మెట్లు కిందకి జరిపి మళ్ళీ వాయించి, మళ్ళీ జరిపి, మళ్ళీ జరిపి... కాపీ పేస్ట్. గిటారులో అది చాలా తేలిక, ఎందుకంటే వేళ్ళ ఆకారం మారదు, మెట్టు మారుతుందంతే. రేనీ శృతి మారే గీత దగ్గర ఆగడు. పాత శృతిలో మొదలెట్టిన వాక్యం కొత్త శృతిలోకి దాటుకుని వెళ్ళి, అక్కడెక్కడో మధ్యలో ముగుస్తుంది. కింద నేల మారిందని మనకి తెలుస్తుంది గానీ అతుకు కనపడదు.

వాక్యాలు అని ఊరికే అనలేదు. పార్కర్ వాయించింది సాక్సాఫోన్. ఊపిరి అయిపోతే ఆగాలి, అంచేత ప్రతి వాక్యానికీ ఓ సహజమైన ముగింపు ఉంటుంది. గిటారుకి ఊపిరితో పని లేదు. ఆ సౌకర్యమే శాపం. వేళ్ళు ఆడుతున్నంతసేపూ వాయించుకుంటూ పోవచ్చు, చాలామంది పోతారు కూడా. మనలో కొందరు ఫోన్లో మాట్లాడినట్టు, ఎక్కడ ఆపాలో తెలీదు. రేనీ విన్నప్పుడు నాకు ప్రతిసారీ అనిపించేది, ఈయన ఊపిరి పీల్చుకునే చోట్లు ముందే ఎంచుకుని వాయిస్తున్నాడు అని. ఒక్కోసారి ఆ వాక్యం చాలా పొడుగు. మధ్యలో ఓ ఉపవాక్యం, దానికో మెలిక, ఇక తప్పిపోయాడులే అనుకునేలోపు క్రియాపదం వచ్చి ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. తెలుగు వాక్యానికీ దీనికీ ఏదో చుట్టరికం ఉందని నా అనుమానం. మనకీ క్రియ చివర్లోనే కదా వచ్చేది.

ఇంకోటి, ఆయన మోత. గిటారు తీగని పిక్‌తో కొట్టిన ప్రతిసారీ టక్ మని ఓ మొన ఉంటుంది. సెకనుకి పది స్వరాలు పదిసార్లు కొడితే టైపు మిషన్లా వినపడుతుంది. రేనీ అన్నిటినీ కొట్టడు. కొన్ని స్వరాలని ఎడమచేతి వేళ్ళతోనే జార్చేస్తాడు. కొట్టినవి కాస్త పైకి, జార్చినవి కాస్త లోపలికి వినపడతాయి. దాంతో అన్నీ ఒకే కొలత ఎనిమిదో వంతు స్వరాలైనా, వాటిలో మాట్లాడే మనిషి గొంతులో ఉండే ఎత్తుపల్లాలు వస్తాయి. పైగా ఆ ఎత్తులు బార్ మొదట్లోనే పడాలని నియమమేమీ లేదు. నాలుగు బీట్ల లెక్క కింద నడుస్తుంటే పైన మూడు మూళ్ళుగా గుంపులు కట్టి, లెక్క తప్పిందేమోనని మనల్ని కంగారుపెట్టి, చివరికి సమానికి వచ్చి కూర్చుంటాడు. మృదంగం విని పెరిగినవాళ్ళకి ఈ సరదా కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా అల్లా, మృదంగం మీద తీర్మానం అయ్యాక చప్పట్లు పడతాయి. రేనీ మాత్రం ఏమీ జరగనట్టు తర్వాతి వాక్యం మొదలెట్టేస్తాడు.

ఇక్కడే ఆయన మీద ఉన్న పాత ఫిర్యాదు చెప్పాలి. "చల్లగా ఉంటుంది, తెలివి ఎక్కువ, గుండె తక్కువ" అని. మా ఆఫీసులో గిటారు వాయించే మిత్రుడొకడు ఉన్నాడు, రాక్ మనిషి. పట్టుబట్టి వినిపిస్తే "స్కేలు పైకీ కిందకీ పరిగెడుతున్నాడు, ఇందులో ఏముందిరా? ఒక్క తీగైనా ఏడిపించడేంటి?" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. బ్లూస్, రాక్ గిటారు మనకి నేర్పింది ఏమిటంటే భావం అంటే తీగని లాగి సాగదీసి, ముఖం అష్టవంకర్లు తిప్పి, ఒక్క స్వరం మీద పావుగంట ఉండటం. అదీ బావుంటుంది, నేనూ వింటాను. కానీ భావం ఉండటానికి అదొక్కటే ఇల్లు అంటే మాత్రం ఒప్పుకోను.

మనకి బాగా తెలిసిన పెద్దమనిషి ఒకాయన గొంతు పెంచకుండా ఓ విషయం చెబుతున్నాడనుకోండి. మాటకి మాట ఎలా పేరుస్తున్నాడు, ఏది ముందు చెప్పాడు, ఏది దాచి చివర్లో చెప్పాడు, ఎక్కడ ఒక్క క్షణం ఆగాడు, వీటిలోనే ఆయన మనసంతా ఉంటుంది. విననివాడికి అది చల్లగానే ఉంటుంది. రేనీ అలాంటివాడు. ఆయన్ని వినాలంటే స్వరం స్వరంగా కాదు, వాక్యం వాక్యంగా వినాలి, అంతకుముందు వాక్యం గుర్తుపెట్టుకుని వినాలి. శ్రమే, కాదనను. ఆ శ్రమ అడుగుతాడు కాబట్టే అభిమానులు తక్కువేమో కూడా.

అసలు ఇంప్రొవైజేషన్ అంటే మనకో అపోహ ఉంది. అప్పటికప్పుడు పూనకంలా రావాలి, ఆలోచిస్తే కల్తీ అయిపోయినట్టు. రేనీ ఈ అపోహకి నిలువెత్తు జవాబు. జామీ ఎబర్‌సోల్డ్ అని జాజ్ నేర్చుకునేవాళ్ళ కోసం వరసగా పుస్తకాలు, రికార్డులు వేసిన ఆయన ఒకరున్నారు. ఊరు ఇండియానాలో న్యూ ఆల్బనీ, రేనీ సొంతూరు లూయివిల్‌కి సరిగ్గా ఓహాయో నది అవతలి ఒడ్డు. ఆ వరసలో 20వ సంపుటం రేనీది. పాత జాజ్ పాటల కార్డుల మీద ఆయన సోలోలు కాగితం మీద రాసి, వాటినే వాయించి వినిపించాడు. ఆ రాసిన సోలోలనీ, స్టేజి మీద అప్పటికప్పుడు వాయించినవాటినీ పక్కపక్కన పెట్టి వినండి. ఏది రాసింది, ఏది అప్పటికప్పుడు పుట్టింది అని చెప్పమంటే నేను పందెం కాయను. రాసినవి నోట్సు చూసి అప్పజెప్పినట్టుండవు, అప్పటికప్పుడువి తడుముకున్నట్టుండవు. అష్టావధానంలో దత్తపదికి పూరణ చెప్పే అవధాని పద్యంలో గణాలు తప్పవు చూడండి, పైగా ఇంట్లో కూర్చుని రాసుకున్నట్టే ఉంటుంది. అలాంటి సంగతి ఇది. సాధన నరాల్లోకి దిగిపోయాక ఆలోచనకీ పూనకానికీ మధ్య గోడ ఉండదు.

ఇంతకీ మనిషి ఎవరంటే, 1927 ఆగస్టు 20న కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో పుట్టాడు. 1944లో జెర్రీ వాల్డ్ బ్యాండులో వాయించడానికి న్యూయార్కు వచ్చాడు, అప్పటికింకా పదిహేడు నిండీ నిండని కుర్రాడు. ఆ బ్యాండులో పియానో వాయించే అల్ హెయిగే ఈయనకి బీబాప్ రుచి చూపించాడు. 1948లో వుడీ హెర్మన్ బ్యాండు, తర్వాత గెట్జ్, ఆ తర్వాత టాల్ ఫార్లో ఖాళీ చేసిన కుర్చీలో రెడ్ నార్వో త్రయం. డ్రమ్స్ లేని త్రయం అది: వైబ్రఫోన్, గిటారు, బేస్ అంతే. 1954లో బిల్లీ హాలిడేతో కలిసి యూరప్ టూరుకి వెళ్ళినప్పుడు ఆ త్రయంలో ఉన్నది రేనీయే. నంబర్ వన్ అయిన రెండేళ్ళూ అవే.

ఆపైన కథ మామూలే, అందుకే కష్టంగా ఉంటుంది. ఆ దశాబ్దం మిగతా సగం న్యూయార్కు క్లబ్బులో పియానో పక్కన కూర్చుని వాయించడంతో గడిచింది. 1957లో బాబ్ బ్రూక్‌మేయర్ రికార్డులో, 1964లో 'టూ జిమ్స్ అండ్ జూట్'లో జిమ్ హాల్ పక్కన వాయించాడు. జిమ్ హాల్ పేరు ఆ తర్వాత ఎంత పెరిగిందో మనకి తెలుసు. రేనీకి తాగుడు మీదపడింది. 1960లలో అన్నీ సర్దుకుని లూయివిల్ వెళ్ళిపోయాడు. సుమారు పదేళ్ళు జాజ్ లోకం ఆయన్ని మర్చిపోయింది. 1974 నుంచి మళ్ళీ రికార్డులు, మొదట్లో పాత మిత్రుడు అల్ హెయిగ్‌తోనే. 1975లో 'ది ఇన్‌ఫ్లుయెన్స్', 1976లో టోక్యో కచేరీ. 1981లో హాలెండులో క్రిస్ క్రాస్ అనే జాజ్ కంపెనీ పుట్టినప్పుడు వాళ్ళు వేసిన మొట్టమొదటి రికార్డు 'రేనీ '81'.

నాకు ఈ రెండో ఇన్నింగ్సే ఎక్కువ ఇష్టం. 1951 రేనీలో కుర్రతనపు మెరుపు ఉంది, ఎవరికైనా నచ్చుతుంది. 1970ల రేనీలో అదే వ్యాకరణం, కానీ మాటలు తగ్గాయి, మధ్యలో గాలి ఆడుతుంది. 1979లో కొడుకు డగ్‌తో కలిసి 'డ్యుయెట్స్' అనే రికార్డు చేశాడు. రెండు గిటార్లు, ఇంకెవరూ లేరు. తండ్రికి 51, కొడుక్కి ఇంకా పాతికలోపే. ఇద్దరి పద్ధతీ ఎంత దగ్గరంటే మొదటిసారి విన్నప్పుడు ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. ఒకరు సోలో వాయిస్తుంటే ఇంకొకరు కింద కార్డులు పట్టి నడిపిస్తారు, మళ్ళీ తారుమారు. పోటీ లేదు, మా అబ్బాయి చూడండి అనే ప్రదర్శన లేదు. ఓ సాయంత్రం అరుగు మీద కూర్చుని తండ్రీకొడుకులు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. డగ్ కూడా 2016లో పోయాడు, అరవై దాటకుండానే.

ఇంకో విషయం ఇప్పటిదాకా చెప్పలేదు, కావాలనే. రేనీకి మెనియర్స్ అనే జబ్బు ఉండేది. లోచెవికి వస్తుంది. తల తిరగడం, చెవిలో హోరు, వినికిడి వస్తూ పోతూ చివరికి పోవడం. దాదాపు ముప్ఫై ఏళ్ళు దాంతో కాపురం చేశాడు, చివరికి రెండు చెవులూ ఇంచుమించు వినపడని స్థితికొచ్చాయి. అంటే నేను పైన పొగిడిన 1970ల, 80ల రికార్డులన్నీ ఆ జబ్బు ఒంట్లో పెట్టుకుని వాయించినవే. 1990లో చేసిన 'బట్ బ్యూటిఫుల్' కూడా. 1995 మే 10న, 67 ఏళ్ళకి, లూయివిల్‌లోనే పోయాడు.

దీన్ని ముందే చెబితే మీరు జాలితో వింటారని దాచాను. జాలి అక్కర్లేదు ఆయనకి. కానీ తెలిశాక నాకు ఒకటి అర్థమైంది. చేతివేళ్ళ అలవాటు మీద బతికేవాడైతే చెవి పోయాక మిగిలేది ఆ అలవాటు ముక్కలే. మోత మీద, ఊపు మీద బతికేవాడికీ అంతే. రేనీ సంగీతం ముందు బుర్రలో వాక్యంగా తయారయ్యేది, వేళ్ళు దాన్ని రాసిపెట్టేవి. కాబట్టే చెవులు చెయ్యిచ్చాక కూడా వాక్యం చెదరలేదు. "తెలివి ఎక్కువ" అని ఎగతాళిగా అన్నారు చూడండి, ఆఖర్న ఆయన్ని నిలబెట్టింది ఆ తెలివే. మా రాక్ మిత్రుడికి ఇదే చెప్పాను. "అయినా తీగ సాగదీస్తే పోయేదేముంది" అన్నాడు. వాణ్ణి మార్చడం నా వల్ల కాదు.

మీలో ఎవరికైనా వినాలనిపిస్తే స్టోరీవిల్ రికార్డుతో మొదలెట్టకండి, అది వేగంగా ఉంటుంది, మొదటిరోజే బెదిరిపోతారు. ముందు 'డ్యుయెట్స్' వినండి, లేదా 'ది ఇన్‌ఫ్లుయెన్స్'. వారం పోయాక స్టోరీవిల్. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకుంటే మాత్రం ఏమీ దొరకదు, నీళ్ళలా జారిపోతుంది, ఆయన ఇన్నాళ్ళూ జారిపోయింది అలాగే. లాప్‌టాప్ స్పీకర్లో అసలొద్దు. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, ఎందుకంటే బేస్ వినపడాలి. బేస్ వాయించేవాడు కింద శృతి ఎప్పుడు మార్చాడో తెలిస్తేనే పైన రేనీ ఆ గీత ఎలా దాటాడో తెలుస్తుంది.